నీడ చేత్తో వేయడం: ఫోటోషాప్, జింప్ వాడేవాళ్లకు సమగ్ర మార్గదర్శి

తిరుపతిలో చెక్క విగ్రహాలు, ఇత్తడి సామాను అమ్మే షాపుల వాళ్లు చాలామంది ఇప్పుడు కొత్త సరుకు రాగానే ఫోటో తీసి వాట్సాప్‌లో పెడుతున్నారు. ఫోటో షాపులోనే, ట్యూబ్‌లైట్ వెలుగులో, వెనక అట్టపెట్టెలు కనపడేలా తీస్తారు. దాన్ని కటింగ్ చేసి తెల్ల బ్యాక్‌గ్రౌండ్ మీద పెట్టడం మా పని. కటింగ్ ఎంత శుభ్రంగా ఉన్నా, నీడ సరిగ్గా లేకపోతే షాపాయన చూడగానే అనే మాట ఒకటే: "ఏం సామీ, బొమ్మ గాల్లో ఉన్నట్టు ఉండాదే!" ఆయనకు లేయర్లతో, బ్లర్‌తో పని లేదు. ఆయన కన్ను చాలు, తప్పు పట్టేస్తుంది.

వస్తువు ఎక్కడ నిలబడిందో మనకు చెప్పేది నీడే. అందుకే నీడ పనిని వస్తువు నేలను తాకిన చోటి నుంచి ఆలోచించాలి. చాలామంది చివర నుంచి, అంటే బ్లర్ (మసక) ఎంత, ఒపాసిటీ (ఎంత గట్టిగా కనపడాలనే శాతం) ఎంత అనే దగ్గర నుంచి మొదలుపెడతారు. ఆ అంకెలు తర్వాత ఎప్పుడైనా మార్చుకోవచ్చు. తాకిన చోటు తప్పితే మాత్రం ఏ అంకె పెట్టినా బొమ్మ కిందికి దిగదు.

రెడీమేడ్ డ్రాప్ షాడో ఎక్కడ చాలు

ఫోటోషాప్‌లో లేయర్ ఎఫెక్ట్‌గా డ్రాప్ షాడో 1998లో 5.0 వెర్షన్‌తో వచ్చింది. అంతకుముందు అందరూ చేత్తోనే వేసేవాళ్లు. ఇప్పుడు టిక్కు పెడితే ఒక్క సెకనులో నీడ వచ్చేస్తుంది. దాంతో చేత్తో వేసే పద్ధతి నేర్చుకోకుండానే చాలామంది పనిలోకి దిగుతున్నారు.

టిక్కు పెడితే వచ్చే నీడ ఏం చేస్తుందో గమనించండి. వస్తువు ఆకారాన్నే నల్లగా కాపీ చేసి, కొంచెం పక్కకు జరిపి, మసకబారుస్తుంది. అంతే. అంటే ఆ వస్తువు ఒక గోడకు కొంచెం ముందు, గోడకు సమాంతరంగా ఉందని చూసేవాళ్లకు చెబుతోంది. విజిటింగ్ కార్డుకు, ఆల్బమ్ పేజీ మీద పెట్టిన చిన్న ఫోటోకు, బ్యానర్ మీద అక్షరాలకు అది సరైన మాటే. కానీ నేల మీద నిలబడిన విగ్రహానికి, బల్ల మీద పెట్టిన మామిడికాయకు, కొత్త బ్యాక్‌గ్రౌండ్ మీద నిలబెట్టిన మనిషికి అది పూర్తిగా తప్పు. వాటికి చేత్తో వేయాల్సిందే.

ముందు అసలు నీడను చూడండి

మౌస్ పట్టుకునే ముందు ఒక పని చేయండి. ఎండలో ఒక పెన్ను నిలబెట్టి నీడ చూడండి. పెన్ను మొదట్లో నీడ అంచు కోసినట్టు ఉంటుంది. పైకొన నీడ దగ్గరికి వచ్చేసరికి అంచు మెత్తబడుతుంది. సూర్యుడు మనకు చుక్కలా కాకుండా సుమారు అర డిగ్రీ వెడల్పున కనపడతాడు కాబట్టి ఇలా జరుగుతుంది. లెక్క సులువు: నీడ పడే చోటికి వస్తువు 1 మీటరు దూరంలో ఉంటే నీడ అంచు సుమారు 9 మిల్లీమీటర్ల మేర మసకబారుతుంది. 10 సెంటీమీటర్ల దూరంలో ఉంటే 1 మిల్లీమీటరు కూడా ఉండదు. నేలను తాకిన చోట మసక అనేదే లేదు. నీడంతటికీ ఒకే బ్లర్ కొట్టడం ఎందుకు తప్పో ఇక్కడే తెలుస్తుంది.

పొడవుకు కూడా లెక్కుంది. సూర్యుడు 45 డిగ్రీల ఎత్తులో ఉంటే నీడ వస్తువంత పొడవు. 30 డిగ్రీలకు దిగితే దాదాపు 1.7 రెట్లు. 60 డిగ్రీలకు ఎక్కితే సగం కంటే కొంచెం ఎక్కువ. తిరుపతి సుమారు 13.6 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది కాబట్టి ఏప్రిల్ చివరి వారంలో ఒకసారి, ఆగస్టు మధ్యలో ఒకసారి సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. ఆ రోజుల్లో మధ్యాహ్నం 12 దాటిన పది, పదిహేను నిమిషాలకు నిటారుగా నిలబెట్టిన కర్రకు నీడే కనపడదు. వేసవి మధ్యాహ్నం తీసిన ఫోటోలోకి ఒక మనిషిని తెచ్చిపెట్టి, పక్కకు బారెడు నీడ లాగితే ఎవరూ నమ్మరు.

ట్యూబ్‌లైట్ వేరే రకం. అది పొడుగ్గా ఉంటుంది కాబట్టి ట్యూబ్‌కు సమాంతరంగా పట్టుకున్న స్కేలు నీడ కొంత స్పష్టంగా, అడ్డంగా పట్టుకున్న స్కేలు నీడ కనపడీ కనపడనట్టుగా ఉంటుంది. షాపులో తీసిన ఫోటోల్లో నీడ మెత్తగా, వస్తువు చుట్టూ పరుచుకున్నట్టు ఉండడానికి ఇదే కారణం. అలాంటి ఫోటోకు ఎండ నీడ వేయకండి.

కటింగ్, ఫైలు తయారీ

మన ఉదాహరణకు శ్రీకాళహస్తి దగ్గరి మాధవమాలలో చెక్కే రకం వెంకటేశ్వరస్వామి చెక్క విగ్రహం తీసుకుందాం. చదరపు పీఠం, దాని మీద నిలువెత్తు మూర్తి. ఫైలు 2000 బై 2000 పిక్సెళ్లు, విగ్రహం ఎత్తు సుమారు 1200 పిక్సెళ్లు అనుకోండి. కింద చెప్పే అంకెలన్నీ ఈ సైజుకే. మీ ఫైలు 1000 పిక్సెళ్లదైతే అన్నీ సగం చేసుకోండి. 4000 అయితే రెట్టింపు. పిక్సెళ్లలో చెప్పే అంకెకు ఫైలు సైజు తెలియకపోతే అర్థం లేదు.

కటింగ్ పెన్ టూల్‌తో చేయడమే మేలు. సెలక్షన్‌ను 1 పిక్సెల్ లోపలికి తగ్గించి కట్ చేస్తే పాత బ్యాక్‌గ్రౌండ్ రంగు అంచుకు అంటుకుని రాదు. నీడ వేశాక ఆ పాత రంగు అంచు మరింత కొట్టొచ్చినట్టు కనపడుతుంది కాబట్టి ఇప్పుడే చూసుకోవాలి. నీడ పడే వైపు ఖాళీ స్థలం కూడా ముందే వదలండి. కుడివైపు నీడ పడాలంటే విగ్రహం కొంచెం ఎడమకు ఉండాలి.

ఇక వెలుగు ఎటు నుంచి వచ్చిందో చూడాలి. స్వామి ముక్కు పక్కన నీడ ఏ చెంప మీద పడింది? పీఠం రెండు పక్కల్లో ఏది చీకటిగా ఉంది? కిరీటం మీద మెరుపు ఎక్కడుంది? ఈ మూడూ ఒకే మాట చెబితే ఇక అనుమానం లేదు. మన ఫోటోలో ఎడమ పైనుంచి, కొంచెం ముందు నుంచి వెలుగు వచ్చిందనుకుందాం. అయితే నీడ కుడివైపుకు, కొంచెం వెనక్కి పడాలి.

పెద్ద నీడ

ఫోటోషాప్‌లో కంట్రోల్ నొక్కి పట్టుకుని విగ్రహం లేయర్ చిన్న బొమ్మ మీద క్లిక్ చేస్తే ఆ ఆకారం సెలక్షన్‌గా వస్తుంది. విగ్రహం లేయర్‌కు కింద కొత్త లేయర్ తీసుకోండి. డి నొక్కితే ముందు రంగు నలుపు అవుతుంది. ఆల్ట్, బ్యాక్‌స్పేస్ కలిపి నొక్కితే ఆ నలుపు నిండుతుంది. ఇప్పుడు కంట్రోల్, డి నొక్కి సెలక్షన్ తీసేయండి. ఈ ఒక్కటి మర్చిపోతే తర్వాత కొట్టే బ్లర్ సెలక్షన్ గీత దగ్గరే ఆగిపోయి, నీడ బయటికి కరగదు. లేయర్ మీద ట్రాన్స్‌పరెంట్ పిక్సెల్స్ లాక్ ఉన్నా అదే గొడవ.

జింప్‌లో లేయర్ మీద రైట్ క్లిక్ చేసి ఆల్ఫా టు సెలక్షన్ ఎంచుకోండి. కొత్త ట్రాన్స్‌పరెంట్ లేయర్ తీసుకుని, నలుపు నింపి, సెలక్ట్ మెనూలో నన్ కొట్టండి. జింప్‌లో ప్రతి లేయర్‌కూ సొంత హద్దు ఉంటుంది. లేయర్ చిన్నదైతే నీడ ఆ హద్దు దగ్గర కోసేసినట్టు ఆగిపోతుంది. అలా కనపడితే లేయర్ మెనూలో లేయర్ టు ఇమేజ్ సైజ్ కొడితే సరిపోతుంది.

ఇప్పుడు నల్ల ఆకారాన్ని పడుకోబెట్టాలి. ఫోటోషాప్‌లో కంట్రోల్, టి నొక్కి, రైట్ క్లిక్ చేసి డిస్టార్ట్ తీసుకోండి. పైన మధ్యలో ఉన్న చుక్కను పట్టుకుని కుడివైపుకు, కిందికి లాగండి. కింది చుక్కలను అసలు ముట్టుకోవద్దు. అవి పీఠం నేలను తాకిన చోటు. నీడ ఎత్తు అసలు విగ్రహం ఎత్తులో మూడో వంతు దగ్గరికి వచ్చేదాకా లాగితే కెమెరా కొంచెం పైనుంచి చూసిన ఫోటోకు కుదురుతుంది. కెమెరా బాగా పై నుంచి చూసి ఉంటే ఇంకా పొడుగ్గా, నేల మట్టంలో పెట్టి తీసి ఉంటే ఇంకా పల్చగా ఉండాలి. జింప్‌లో ఇదే పనికి యూనిఫైడ్ ట్రాన్స్‌ఫార్మ్ టూల్ వాడండి.

వెలుగు వెనక నుంచి వచ్చే ఫోటో అయితే నీడ మన వైపుకు పడుతుంది. అప్పుడు నల్ల ఆకారాన్ని నిలువుగా తిప్పి, దాని పీఠాన్ని అసలు పీఠం కింది అంచుకు ఆనించి, అక్కడి నుంచి లాగాలి.

పీఠం దగ్గరి ఖాళీ

ఇక్కడే చాలామంది పని చెడుతుంది కాబట్టి కొంచెం నిదానంగా చూద్దాం. కటింగ్ చేసిన బొమ్మలో కింద కనపడే గీత పీఠం ముందు అంచు మాత్రమే. పీఠానికి లోతు ఉంది. దాని వెనక అంచు, ఫోటోలో కనపడకపోయినా, నేల మీద ఇంకొంచెం పైకి ఉంటుంది. మనం ముందు అంచు నుంచే నీడ లాగాం కాబట్టి పీఠం కుడి పక్కన, నీడకూ చెక్కకూ మధ్య చిన్న తెల్ల త్రికోణం మిగులుతుంది. ఆ త్రికోణం వల్లే విగ్రహం అట్టముక్కలా కనపడుతుంది.

200 శాతానికి జూమ్ చేసి పీఠం కుడి కింది మూలను చూడండి. పక్క ముఖం కనపడే ఫోటో అయితే ఆ ముఖం కింది గీత ముందు మూల నుంచి వెనక మూలకు వెళుతూ ఉంటుంది. నీడ ఆ గీత పొడవునా చెక్కకు అంటుకుని మొదలవ్వాలి. పాలిగనల్ లాసోతో ముందు మూల, వెనక మూల, నీడ అంచు కలుపుతూ ఆ త్రికోణాన్ని సెలక్ట్ చేసి, అదే నీడ లేయర్‌లో నలుపు నింపండి. పక్క ముఖం కనపడని ఫోటోలో అయితే నీడ లేయర్‌ను కొంచెం పైకి జరిపి, పీఠం వెనకాల నుంచి వస్తున్నట్టు సర్దితే చాలు.

గుండ్రటి అడుగు ఉన్న కుందులకు, చెంబులకు కూడా ఇదే సూత్రం. అడుగు వంపును చివరిదాకా ఊహించి ఒక పూర్తి దీర్ఘవృత్తం గీసి, నింపి, నీడలో కలిపేయాలి.

దగ్గర గట్టిగా, దూరం మెత్తగా

పెద్ద నీడ లేయర్‌ను కాపీ చేసి రెండు చేసుకోండి. ఒకదానికి గాసియన్ బ్లర్ 4 పిక్సెళ్లు, రెండోదానికి 25. బ్లర్ కొట్టని అసలు లేయర్ ఇంకొకటి, పక్కనున్న కన్ను గుర్తు నొక్కి కనపడకుండా చేసి, ఉంచుకోండి, తర్వాత మార్చాలనుకుంటే అదే దిక్కు. కొత్త వెర్షన్లలో లేయర్‌ను స్మార్ట్ ఆబ్జెక్ట్ (అసలు బొమ్మను చెడకుండా లోపల దాచుకునే లేయర్) చేసి బ్లర్ కొడితే అంకె ఎప్పుడైనా మార్చవచ్చు. స్మార్ట్ ఆబ్జెక్ట్ 2005లో వచ్చిన సీఎస్2 నుంచే ఉన్నా, దాని మీద ఇలా మార్చుకోగల ఫిల్టర్లు 2007లో వచ్చిన సీఎస్3తో వచ్చాయి. అను అనే పాత తెలుగు ఫాంట్ల కోసం ఇంకా ఫోటోషాప్ 7.0 వాడే డీటీపీ సెంటర్లలో ఆ సౌకర్యం లేదు కాబట్టి కాపీ దాచడం తప్పనిసరి. జింప్ 3.0లో అయితే ఫిల్టర్లు లేయర్ మీద విడిగా నిలిచి ఉంటాయి, మళ్లీ తెరిచి మార్చవచ్చు.

రెండు లేయర్లకూ మాస్క్ (తెలుపు ఉన్న చోట లేయర్‌ను చూపి, నలుపు ఉన్న చోట దాచే తెర) పెట్టండి. 4 పిక్సెళ్ల లేయర్ మాస్క్ మీద నలుపు తెలుపు గ్రేడియంట్ లాగి, పీఠం దగ్గర తెలుపు, నీడ మధ్యకు వచ్చేసరికి నలుపు ఉండేలా చూడండి. 25 పిక్సెళ్ల లేయర్‌కు దీనికి ఎదురు: పీఠం దగ్గర నలుపు, మధ్య నుంచి తెలుపు. ఇప్పుడు నీడ పీఠం దగ్గర గట్టి అంచుతో మొదలై, కిరీటం నీడ దగ్గరికి వచ్చేసరికి కరిగిపోతుంది. దూరం లేయర్ ఒపాసిటీ దగ్గరిదానికంటే కొంచెం తగ్గించండి. గదిలో తీసిన ఫోటోకు దగ్గర 40 శాతం, దూరం 25 శాతం నుంచి మొదలుపెట్టి కంటితో సర్దుకోండి. గట్టి ఎండ ఫోటోకు 60, 70 దాకా పోవచ్చు. నీడ ఎప్పుడూ పూర్తి నలుపు కాదు. ఎండలో కూడా ఆకాశం వెలుగు నీడలోకి వస్తూనే ఉంటుంది.

తాకిన చోటి నలుపు

మొత్తం పనిలో ఒక్క లేయరే వేసే టైముంటే నేను ఇదే వేస్తాను. వస్తువుకూ నేలకూ మధ్య సన్నటి సందులోకి ఏ వైపు వెలుగూ పోదు. అక్కడ నలుపు సన్నగా, గట్టిగా ఉంటుంది.

విగ్రహం కింద, మిగతా నీడలన్నిటికీ పైన, కొత్త లేయర్ తీసుకోండి. 6 పిక్సెళ్ల బ్రష్‌తో పీఠం కింది అంచు వెంబడి సగం లోపలికి, సగం బయటికి వచ్చేలా గీత గీయండి. షిఫ్ట్ పట్టుకుని రెండు చోట్ల క్లిక్ చేస్తే మధ్యలో సరళ గీత పడుతుంది. 2 పిక్సెళ్ల బ్లర్ కొట్టి, ఒపాసిటీ 70 దగ్గర పెట్టండి. వెలుగు వచ్చే ఎడమ పక్క ఈ గీతను మెత్తటి ఎరేజర్‌తో కొంచెం సన్నం చేయండి. గీత మొత్తం ఒకే మందంలో ఉంటే బొమ్మకు కింద పెన్సిల్‌తో గీసినట్టు తెలిసిపోతుంది. చేతి చెక్కడం పీఠాలు అంగుళం అంగుళం సమంగా ఉండవు. ఎక్కడ నేలకు ఆనింది, ఎక్కడ వెంట్రుకవాసి లేచింది అనేది అసలు ఫోటోలోనే కనపడుతుంది. లేచిన చోట నలుపు కొంచెం వెడల్పుగా, ఆనిన చోట సన్నగా ఉండనివ్వండి. కటింగ్ చేసే ముందు అసలు ఫోటోను పక్కన తెరిచి పెట్టుకోమని అందుకే చెబుతాను.

మూడోది, చుట్టూ పరుచుకునే లేత నీడ. పీఠం కంటే రెండింతలు వెడల్పున, పల్చటి దీర్ఘవృత్తం సెలక్ట్ చేసి, 60 పిక్సెళ్ల ఫెదర్ (అంచు మెత్తబరచడం) ఇచ్చి, నలుపు నింపి, 10 నుంచి 15 శాతం ఒపాసిటీలో అన్నిటికంటే కింద పెట్టండి. విడిగా చూస్తే ఉందో లేదో తెలియదు. ఆ లేయర్ కన్ను గుర్తును మూసి తెరిచి చూడండి, తేడా అప్పుడు పట్టుబడుతుంది.

నలుపేనా, రంగా

నీడ లేయర్‌కు మల్టిప్లై మోడ్ పెట్టమని అందరూ చెబుతారు. పూర్తి నలుపుకు మాత్రం మల్టిప్లైకీ నార్మల్‌కీ ఫలితంలో తేడా లేదు. 50 శాతం నలుపు రెండింటిలోనూ కింది రంగును సగం చేస్తుంది. నీడకు రంగు కలిపినప్పుడే మల్టిప్లై పని మొదలవుతుంది. ముదురు గోధుమ రంగు నీడను నార్మల్‌లో నల్ల గ్రానైట్ బల్ల మీద వేస్తే బల్ల కంటే నీడే లేతగా కనపడుతుంది. మల్టిప్లైలో అలా జరగదు, కింద ఉన్నది ఇంకా ముదురు అవుతుందే తప్ప తేలదు. కాబట్టి మోడ్ మల్టిప్లైలో ఉంచి, రంగు విషయం ఆలోచించండి.

తెల్ల బ్యాక్‌గ్రౌండ్‌కు ముదురు బూడిద చాలు. ఆరుబయట ఫోటోకు నీడలో కొంచెం నీలం కలపాలి, ఎందుకంటే అక్కడికి వెలుగిచ్చేది ఆకాశం. మంచి దారి ఏమిటంటే, బ్యాక్‌గ్రౌండ్‌లో ఇంతకుముందే ఉన్న నీడ నుంచి ఐడ్రాపర్‌తో రంగు తీసుకోవడం. చెట్టు నీడో, గోడ నీడో ఏదో ఒకటి దొరుకుతుంది. మన నీడ దానికంటే ముదురుగా ఉండకూడదు.

మామిడికాయ

చిత్తూరు వైపు నుంచి గుజ్జు, తాండ్ర ప్యాకెట్ల లేబుళ్లకు తోతాపురి కాయ బొమ్మ తరచూ కావాలి. గుండ్రటి వస్తువుకు పడుకోబెట్టిన నీడ పనికిరాదు, ఎందుకంటే కాయ నేలను తాకేది చిన్న చోటులోనే. ఆ చోట, కాయ వెడల్పులో మూడో వంతు ఉండే చిన్న దీర్ఘవృత్తం గట్టిగా వేసి 5 పిక్సెళ్లు బ్లర్ చేయండి. దానికి కింద, కాయంత వెడల్పున్న ఇంకో దీర్ఘవృత్తం వేసి, 30 పిక్సెళ్లు బ్లర్ చేసి, వెలుగుకు ఎదురు వైపు కొంచెం జరపండి.

తోతాపురికి కొస ముక్కులా సాగి ఉంటుంది. పడుకోబెట్టినప్పుడు ఆ ముక్కు నేలను తాకకుండా కొంచెం పైకి లేస్తుంది. దాని కింద నీడ ఉండాలి, కానీ కాయ మధ్యన ఉన్నంత గట్టిగా ఉండకూడదు, తాకిన గీత అసలే ఉండకూడదు. ఈ చిన్న తేడా పట్టుకుంటే కాయ బరువుగా కూర్చుంటుంది. పండిన కాయ అయితే పసుపు వెలుగు కొంచెం నీడలోకి దిగుతుంది. కొత్త లేయర్‌లో కాయ రంగునే తీసుకుని, మెత్తటి బ్రష్‌తో 10 శాతం ఒపాసిటీలో నీడ లోపలి అంచున ఒక్కసారి రాయండి. మెరుస్తున్న ఇత్తడికి కూడా ఇది పనిచేస్తుంది.

కలంకారీ గుడ్డ

శ్రీకాళహస్తి కలంకారీ గుడ్డను పరిచి పైనుంచి తీసిన ఫోటోకు రెడీమేడ్ డ్రాప్ షాడో దాదాపు సరిపోతుంది. కానీ గుడ్డ అట్టలా ఉండదు, మూలలు లేస్తాయి. అందుకే ముందు డ్రాప్ షాడో ఎఫెక్ట్ పెట్టి, దాని పేరు మీద రైట్ క్లిక్ చేసి క్రియేట్ లేయర్ కొట్టండి. నీడ విడి లేయర్ అవుతుంది. ఇప్పుడు కంట్రోల్, టి, తర్వాత వార్ప్ తీసుకుని, లేచిన మూల దగ్గర నీడను 15 పిక్సెళ్లు బయటికి లాగండి. ఆనిన అంచు దగ్గర నీడను దాదాపు గుడ్డ కిందికే నెట్టేయండి. గుడ్డ ఒక్కసారిగా బల్ల మీద వాలుతుంది.

తెలుగు అక్షరాలకు నీడ

మన లిపికి ఒత్తులు కిందికి దిగుతాయి. నీడను కింది వైపుకు ఎక్కువ దూరం జరిపితే అది ఒత్తు మీద పడి, "మహోత్సవం"లో త కింద స ఒత్తు, "కల్యాణం"లో ల కింద య ఒత్తు చదవలేకుండా పోతాయి. సున్నాలు, ణ లాంటి అక్షరాల లోపలి ఖాళీలు కూడా నీడతో పూడిపోతాయి. నా లెక్క ఒకటే: నీడ దూరం అక్షరం గీత మందంలో సగం దాటకూడదు. బ్లర్ కూడా అంతే.

అక్షరాల లేయర్ కాపీ చేసి, కిందిదాన్ని రాస్టరైజ్ చేసి (అక్షరాలను మామూలు బొమ్మగా మార్చి), ముదురు రంగు నింపి, మూవ్ టూల్ తీసుకుని బాణం కీలతో జరపండి. ఒక నొక్కు ఒక పిక్సెల్, షిఫ్ట్ పట్టుకుంటే పది. కుడికి జరిపిన దాంట్లో సగమే కిందికి జరిపితే ఒత్తులు బతుకుతాయి. తర్వాత జూమ్ చేసి, ఇంకా ఏ ఒత్తు మీదైనా నీడ పడి ఉంటే నీడ లేయర్‌కు మాస్క్ పెట్టి అక్కడ మాత్రం చెరిపేయండి. టిక్కు పెట్టిన ఎఫెక్ట్‌తో ఇలా ఒక్కో అక్షరం బాగుచేసుకునే వీలుండదు. పెళ్లి బ్యానర్ మీద పేరు తప్పు చదివించే నీడ కంటే నీడ లేకపోవడమే నయం.

మనుషులు, గోపురం, మెట్లు

ఇంటిల్లిపాదినీ గోపురం ముందు నిలబెట్టమని అడిగే పని ఇక్కడి స్టూడియోలకు మామూలే. ముందు రెండు ఫోటోల వెలుగూ ఒకే వైపు నుంచి ఉందా చూడండి. లేకపోతే నీడ ఎంత బాగా వేసినా అబద్ధమే. ఒకదాన్ని అద్దంలోలా తిప్పేయాలనిపిస్తుంది. మనిషిని తిప్పితే ఎడమ భుజం మీది పైట కుడి భుజం మీదికి పోతుంది, ఇంట్లో ఆడవాళ్లు మొదట పట్టేది అదే. గోపురాన్ని తిప్పితే బోర్డుల మీద అక్షరాలు తిరగబడతాయి, గోపురం మీది దేవుళ్ల చేతుల్లో ఆయుధాలు మారిపోతాయి. అది అసలు చేయకూడదు. ఎండ పడని నీడపట్టున తీసిన బ్యాక్‌గ్రౌండ్ ఎంచుకుని, కాళ్ల కింద మెత్తటి నీడ మాత్రం వేయడం ఉత్తమం.

చెప్పులు లేని కాళ్లైతే మడమ, ముని వేళ్ల కింద తాకిన చోటి నలుపు, అరికాలి వంపు దగ్గర కొంచెం వెలుతురు. చీర కుచ్చిళ్లు నేలను తాకితే కుచ్చిళ్ల అంచు వెంబడి, ఒక్కో మడత లోపల కొంచెం ముదురుగా. గుంపులో ఒకరి నీడ పక్కవాళ్ల మీద కూడా పడుతుందని మర్చిపోకండి.

మెట్ల మీద నిలబెడితే నీడ విరుగుతుంది. మెట్టు పైభాగం మీద నీడ పక్కకు పడుకుంటుంది, మెట్టు నిలువు ముఖం మీద నిటారుగా ఎక్కుతుంది. పడుకోబెట్టిన నీడ లేయర్‌ను మెట్టు అంచు దగ్గర ముక్కలుగా కోసి, ఒక్కో ముక్కను విడి లేయర్‌లో పెట్టి, నిలువు ముఖం మీది ముక్కలను డిస్టార్ట్‌తో నిలబెట్టండి. ముక్కల చివరలు మెట్టు అంచు గీత మీద కచ్చితంగా కలవాలి. బ్లర్ కొట్టకముందే ఇదంతా అయిపోవాలి. కలిశాక ముక్కలన్నీ ఒక్క లేయర్ చేసి, అప్పుడు బ్లర్ చేయండి.

పంపే ముందు

తెల్ల బ్యాక్‌గ్రౌండ్ ఫోటోలకు ఒక పరీక్ష ఉంది. అన్నిటికంటే పైన లెవెల్స్ అడ్జస్ట్‌మెంట్ లేయర్ పెట్టి, ఎడమ చివర ఉన్న నల్ల గుర్తును 240 దాకా లాగండి. కంటికి తెల్లగా కనపడే లేత నీడ అంతా నల్లగా బయటపడుతుంది. ఎక్కడైనా నీడ సరళ గీతలో ఆగిపోయిందా, ఫైలు అంచుకు తగిలిందా తెలిసిపోతుంది. మాస్క్ మీద మెత్తటి బ్రష్‌తో సరిచేసి, ఆ లెవెల్స్ లేయర్‌ను తీసేయండి. ఆన్‌లైన్ అమ్మకపు సైట్లు మెయిన్ ఫోటోకు పూర్తి తెలుపు అడిగితే ఈ పరీక్ష తప్పనిసరి.

పెద్ద బ్లర్‌లో కొన్నిసార్లు మెట్లు మెట్లుగా చారలు కనపడతాయి. నీడ లేయర్‌కు 1 లేదా 2 శాతం నాయిస్ (సన్నటి చుక్కలు) కలిపితే అవి కలిసిపోతాయి. జేపెగ్ క్వాలిటీ మరీ తగ్గించినా ఆ చారలు వస్తాయి. ట్రాన్స్‌పరెంట్ పీఎన్‌జీని వాట్సాప్‌లో ఫోటోగా పంపితే ట్రాన్స్‌పరెన్సీ పోతుంది, డాక్యుమెంట్‌గా పంపండి. అలాంటి పీఎన్‌జీలో నీడ మల్టిప్లై మోడ్ కూడా నిలవదు, నార్మల్‌గానే పోతుంది. కాబట్టి ఏ రంగు మీద పెడతారో తెలియని ఫైలుకు పూర్తి నల్ల నీడే వాడండి.

ఫ్లెక్స్‌కు వెళ్లే ఫైలైతే లేత నీడను స్క్రీన్ మీద చూసినదానికంటే కొంచెం గట్టిగా పెడతాను, ఎందుకంటే 10 శాతం లోపు నీడ ఫ్లెక్స్ మీద చాలాసార్లు కనపడకుండా పోతుంది. పెద్ద బ్యానర్ ఆర్డర్ అయితే నీడ ఉన్న ముక్కను మాత్రం ఒక అడుగు కొట్టించి, ఎండలో పెట్టి చూసి, తర్వాత మొత్తం కొట్టించండి. ఫైలు దాచేటప్పుడు తాకిన చోటిది, దగ్గరిది, దూరంది, చుట్టూది, బ్లర్ కొట్టనిది అని పేర్లు పెట్టి ఐదు లేయర్లనూ ఒక గ్రూపులో ఉంచండి. అదే విగ్రహం వేరే సైజులో వచ్చినప్పుడు ఆ గ్రూపును లాక్కొచ్చి, డిస్టార్ట్ సరిచేసుకుంటే సరిపోతుంది.